మూసిన తలుపు కింద బెత్తెడు సందు

కంప్యూటర్ ముందు కూర్చుని గొప్ప పని చేశామని చెప్పుకునేవాళ్ళలో చాలామందికి చొక్కా మడత కూడా నలిగి ఉండదు. నేను చేసిన గొప్ప పనికి మోకాళ్ళ దాకా బురద ఉంది. అందుకని దాని గురించి కాస్త డాబుగానే చెప్తాను. మీరు చిన్నవాళ్ళు, ఓర్చుకోవాలి.

రిటైరై తెనాలి వచ్చేశాక మా వీధి కుర్రాళ్ళు అడుగుతుంటారు, "ఇంతకీ మీరు ఏం పని చేసేవారండీ?" అని. "నీళ్ళు ఎటు పోతాయో కంప్యూటర్‌కి చెప్పేవాణ్ణి" అంటాను. "పల్లానికే పోతాయి కదండీ, దానికి కంప్యూటర్ ఎందుకు?" అంటారు. తంటా అంతా అక్కడే ఉంది. రేపల్లె కింద మురుగు కాలవల్లో నీళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. పోటు వచ్చినప్పుడు సముద్రం ఆ కాలవల్లోకి ఎక్కి వస్తుంది. పాటు వచ్చినప్పుడు దిగిపోతుంది. మధ్యలో కాసేపు నీళ్ళు ఎటూ పోకుండా నిలబడి ఆలోచిస్తాయి.

ముందు నా చదువు సంగతి చెప్పేస్తాను. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ పరస్పర అంగీకారంతో విడిపోయాం. తర్వాత తెనాలిలో ఒక రేడియో రిపేరు కొట్లో చేరాను. రేడియోలు పోయి టీవీలు వచ్చాయి, టీవీలు పలచబడి కంప్యూటర్లు వచ్చాయి. ఏది వస్తే దాని వెనక మూత విప్పడమే నా వృత్తి. బాపట్లలో నీటి మీద పరిశోధన చేసే ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్ మొరాయించిందంటే చూడటానికి వెళ్ళాను. వెళ్ళినవాణ్ణి మళ్ళీ రిటైరయ్యాకే తిరిగొచ్చాను.

అక్కడ నేను చూసిన వింత ఏంటంటే, వాళ్ళు వాడే సాఫ్ట్‌వేర్‌కి వెనక మూతే లేదు. ఓపెన్ సోర్స్ అంటారు దాన్ని. ఏ దేశంలో ఎవరైనా సరే దాని కడుపులో ఏముందో చూడొచ్చు, బాగుచేయొచ్చు, చేసింది నచ్చితే అందరూ తీసుకుంటారు. మూత విప్పడమే వృత్తి అయినవాడికి మూతే లేని సరుకు దొరికితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కోడ్ రాయడం అలా చూస్తూ చూస్తూ నేర్చుకున్నాను. తెలియనిది అడిగేవాణ్ణి. సిగ్గు తొమ్మిదో తరగతిలోనే వదిలేశాను గదా.

ఆ సాఫ్ట్‌వేర్ నదుల్లో, కాలవల్లో నీటి పోకడని లెక్క గడుతుంది. మేం దాన్ని రేపల్లె కింది ఊళ్ళకి ఇంకో పనికి వాడేవాళ్ళం. అక్కడ చివరి భూములకి సాగు కాలవ నీళ్ళు వచ్చేసరికి బాగా ఆలస్యమవుతుంది. అందాకా నారుమళ్ళు ఎండిపోకుండా రైతులు మురుగు కాలవలో ఆయిల్ ఇంజన్లు పెట్టి నీళ్ళు తోడుకుంటారు. తియ్యనీళ్ళు తోడితే నారు బతుకుతుంది. పోటుతో పైకొచ్చిన ఉప్పునీళ్ళు తోడితే ఆ మడి ఇక ఆ ఏటికి లేనట్టే. ఏ వేళ నుంచి ఏ వేళ దాకా తోడుకోవచ్చో లెక్క కట్టి ముందురోజు సాయంత్రం రైతుల ఫోన్లకి పంపేవాళ్ళం. అదీ మా ఆఫీసు చేసే ఉపకారం.

ఆ పని చూసేది ముగ్గురం. మా మేడం నీటి శాస్త్రంలో డాక్టరేట్ చేసిన మనిషి, బాపట్లలోనే పుట్టి పెరిగింది. నన్ను "మెకానిక్ గారూ" అని పిలిచేది. ఆ పిలుపులో వెటకారం ఎంతో, గౌరవం ఎంతో నాకు చివరిదాకా తేలలేదు. ఇంకొకాయన కాలవల మీద తిరిగి నీటి మట్టాలూ ఉప్పూ కొలిచి తెచ్చేవాడు. రేపల్లె కింద సముద్రం ఒడ్డున చేపల వేట మీద బతికే ఇంటివాడు. నన్ను బావా అనేవాడు, నేనూ బావా అనేవాణ్ణి. ఏ వరసలో అని అడక్కండి, మాకూ తెలీదు.

ఒక వేసవి మొదట్లో ఆ సాఫ్ట్‌వేర్‌ని ఎన్నో ఏళ్ళుగా చూసుకుంటున్న పెద్దాయన దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. ఆయన ఎక్కడో చలిదేశంలో ఉంటాడు. మేం ఆయన ముఖం చూడలేదు, రాతే తెలుసు. ఉత్తరం చాలా మర్యాదగా ఉంది. సారాంశం ఏంటంటే, వచ్చే కొత్త వెర్షన్ నుంచి ఆటుపోట్ల లెక్క తీసేస్తున్నారు. సముద్రం ఎక్కివచ్చే కాలవలకి ఇక ఇది పనిచేయదు, వేరే దారి చూసుకోండి అని.

"అంటే ఏంటి మేడం?" అన్నాను.

"అంటే ఈ ఏడు నారుమళ్ళ వేళకి మన దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు" అంది.

"పాత వెర్షనే వాడుకుంటే?"

"దాన్ని ఇక ఎవరూ బాగుచేయరు. అయినా, అది ఎంత బాగుందో మీకు తెలీదా?"

తెలుసు. దాని గుండెకాయ ఎలా కొట్టుకుంటుందో నాకు బాగా తెలుసు. పెళ్ళి బంతిలో వడ్డనలా అనుకోండి. పప్పు గిన్నె పట్టుకున్నవాడు మొదటి విస్తరి దగ్గర మొదలుపెట్టి చివరి విస్తరి దాకా వెళ్తాడు. ఆ ప్రోగ్రాంలో ప్రతి కాలవ ముక్కకీ ఇది తల, ఇది తోక అని రాసి ఉంటుంది. లెక్క తల దగ్గర మొదలై తోక దాకా నడుస్తుంది. కొండల్లోంచి దిగే నదికి అది బ్రహ్మాండంగా సరిపోతుంది. మా దగ్గర అలా కాదు. ఇటునుంచి పప్పు గిన్నె వస్తుంటే అటునుంచి సాంబారు బకెట్‌తో సముద్రం బయల్దేరుతుంది. బంతి మధ్యలో ఇద్దరూ ఢీకొంటారు. దానికి ఎవరెవరో ఏళ్ళ తరబడి అతుకులు వేశారు, నీళ్ళు వెనక్కి తిరిగితే తలని తోకగా, తోకని తలగా మార్చమని. నీళ్ళు నిలబడి ఆలోచించే వేళకి ఆ వడ్డించేవాడు ఇటు తిరిగి, అటు తిరిగి, కళ్ళు తిరిగి కూలబడేవాడు. మా కోసం వేసిన అతుకుల వల్ల కొండ నదులవాళ్ళకి కూడా లెక్క తప్పుతోందట. పెద్దాయన తప్పేం లేదు. మా ఇంటి పెళ్ళి కోసం ఊరందరి భోజనాలూ చెడగొట్టడం న్యాయం కాదు.

మేడం ఆయనకి తిరిగి రాసింది. అతుకు వేయం, గుండెకాయనే కొత్తగా కట్టి ఇస్తాం, నారుమళ్ళ అదను దాకా ఆగండి అని. పంపాక నావైపు తిరిగి, "రాసేశానండీ" అంది.

"చదివాను మేడం. 'మేం' అని రాశారు. ఆ 'మేం' ఎవరో ఆయన అడగలేదు కదా?"

"అడిగితే మీ ఫొటో పంపుతాను."

నాలుగు రోజులు గోడ మీద తెల్లబోర్డు నిండా మేడం ఏవో రాసింది. చెరిపింది, మళ్ళీ రాసింది. నేను టీ తెచ్చి పెట్టి వెనక నిలబడి చూసేవాణ్ణి. ఒకరోజు ఉండబట్టలేక, "మేడం, నా కళ్ళకి ఇది ముగ్గులా ఉందండి" అన్నాను.

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ముగ్గే" అంది. "చుక్కలన్నీ కాలవలు కలిసే చోట్లు. గీతలన్నీ కాలవలు. ఇప్పుడు చెప్పండి, ముగ్గులో గీతకి తల ఏది, తోక ఏది?"

"గీతకి తలేంటి మేడం? ఎటునుంచి గీస్తే అటే."

"మరి మన ప్రోగ్రాంలో ఎందుకుంది?"

ఆవిడ ఆలోచన ఏంటంటే, వడ్డించేవాడే వద్దు. బంతిలో కూర్చున్న ప్రతి ఒక్కరూ పక్క విస్తరి చూసుకోవాలి. ఎక్కువ ఉన్నవాళ్ళు తక్కువ ఉన్నవాళ్ళకి జరపాలి.

"ఎవరు ముందు జరపాలి మేడం?"

"ఎవరూ ముందు కాదు. అందరూ ఒకేసారి."

"ఒకేసారి అంటే కంప్యూటర్‌కి అర్థం కాదండి. దానికి ఒకటి తర్వాత ఒకటే."

"అర్థమయ్యేలా రాయడం మీ వంతు. అర్థమయ్యాక అది తప్పు చెప్పకుండా చూడటం నా వంతు."

ఆ వేసవి అలా పంచుకున్నాం. ఆవిడ సమీకరణాలు నాకు పూర్తిగా అర్థమయ్యాయని చెప్తే అబద్ధం. నేను రాసిన కోడ్‌లో మెలికలన్నీ ఆవిడకి అర్థమయ్యాయని చెప్పినా అబద్ధమే. కానీ ఒకరి పని ఇంకొకరు రోజూ చదివేవాళ్ళం. నేను తెలివిగా రాశాననుకున్న చోటల్లా ఆవిడ ఎర్ర గీత పెట్టేది. "ఇక్కడ తెలివి వద్దండీ, స్పష్టంగా ఉంటే చాలు. రేపు ఇంకెవరో చదవాలి" అనేది. కోడ్ రాసేవాళ్ళకి నేను ఇచ్చే సలహా ఏదైనా ఉంటే అది ఆవిడ మాటే. నాది కాదు.

కొత్త గుండెకాయ మొదటిసారి ఆగకుండా కొట్టుకున్న రోజున బావని కేకేసి పిలిచాను. తెర మీద కాలవల ముగ్గంతా నీలం రంగులో ఊపిరి తీసుకుంటున్నట్టు ఎక్కుతోంది, దిగుతోంది. నీళ్ళు నిలబడే వేళ వచ్చింది. పాత ప్రోగ్రాం కూలబడే చోటు అదే. ముగ్గురం తెర మీదికి వంగాం. నీళ్ళు నిలబడ్డాయి, ఆలోచించుకున్నాయి, నెమ్మదిగా వెనక్కి తిరిగాయి.

"అచ్చం అలాగే" అన్నాడు బావ. "మా నాన్న పడవ మీద ఉన్నప్పుడు ఇలాగే తిరిగేయి. ఈ వేళలో పడవ కదలదు, అంతా బీడీలు ముట్టించేవాళ్ళు."

ఆ సాయంత్రం బస్టాండు దగ్గర పునుగులు తిన్నాం. కారం ఎక్కువైంది. ఎవరూ ఏమీ అనలేదు, అంత సంతోషం.

సంతోషం ఎంతోసేపు ఉండలేదు. మర్నాడు మేడం కొత్త ప్రోగ్రాం చెప్పిన ఉప్పుని, బావ కిందటేడు కొలిచి తెచ్చిన ఉప్పుతో పోల్చి చూసింది. నీటి మట్టం చక్కగా కలిసింది. ఉప్పు కలవలేదు. మురుగు కాలవ సముద్రంలో కలిసే చోటికి ముందు తలుపులుంటాయి. పోటు వేళకి వాటిని దించుతారు. తలుపులు దించాక వాటికి ఎగువన, పొలాల వైపు, ఉప్పు ఉండకూడదు. ప్రోగ్రాం కూడా లేదనే చెప్తోంది. బావ కొలతల్లో మాత్రం ఉంది.

ఇంకో అవమానం ఏంటంటే, పాత ప్రోగ్రాం అక్కడ ఉప్పు ఉందనే చెప్పేది. ఎలా అని తవ్వి చూస్తే, ఎప్పుడో ఎవరో దాంట్లో ఒక గుణకం దూర్చారు. కొలతకి సరిపోయేదాకా ఉప్పుని కాస్త పెంచమని. ఎందుకు పెంచాలో ఎక్కడా రాసి లేదు. మేం కట్టిన కొత్తదాంట్లో అలాంటి దొంగ చెయ్యి లేదు. అందుకే అది ఓడిపోయింది. పెద్దాయన పక్షం వాళ్ళు అడిగారు, పాతదే కొలతకి దగ్గరగా ఉంటే కొత్తది ఎందుకు తీసుకోవాలి అని. అడగరూ మరి!

నేను బావ మీద పడ్డాను. "నీ ఉప్పు మీటరు తప్పు చూపిస్తోంది బావా."

"నా మీటరా? రోజూ కడిగి తుడిచి పెట్టుకుంటా. నీ ప్రోగ్రాంకే నాలిక చచ్చింది."

"ప్రోగ్రాంకి నాలిక ఉండదు."

"అదే నేననేది. నాలిక లేనిదాన్ని పట్టుకుని ఉప్పు గురించి అడుగుతున్నావు."

మేడం మా ఇద్దర్నీ తిట్టలేదు. తన సమీకరణాలనే అనుమానించింది. మొదట్నుంచీ మళ్ళీ చేసింది. మళ్ళీ అవే వచ్చాయి. వేసవి దాటిపోతోంది. ఆవిడ బోర్డు ముందు కుర్చీ వేసుకుని, రాయకుండా ఊరికే చూస్తూ కూర్చునేది. ఒక మధ్యాహ్నం, "ఆ గుణకం మనం కూడా పెట్టేద్దామా మెకానిక్ గారూ? నారు వేళకి కనీసం ఏదో ఒకటి పంపొచ్చు" అంది. ఆవిడ నోటి నుంచి ఆ మాట వినడం నాకు నచ్చలేదు. జోకు వేద్దామని నోరు తెరిచాను. ఏమీ రాలేదు. నాకు జోకు రాకపోవడం మా ఆఫీసులో అదే మొదటిసారి.

అదే వారం పెద్దాయన ఒక చిన్న ప్రశ్న పంపాడు. నేనే తెలుగులో చెప్తూ చదివాను. "చాలా అమాయకమైన ప్రశ్న, ఏమీ అనుకోవద్దు. మీ దగ్గర తలుపు మూశారంటే నీళ్ళు పూర్తిగా ఆగిపోయినట్టేనా?"

బావ పెద్దగా నవ్వాడు. "ఎక్కడి మనిషి బావా ఈయన! మూసిన తలుపుని పూర్తిగా ఎవరు మూస్తారు? అడుగున బెత్తెడు వదలరూ?"

"వదులుతారులే" అని నేనూ నవ్వాను.

తర్వాత ఇద్దరం నవ్వడం ఆపేశాం.

మా వైపు సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. మురుగు కాలవ తలుపుల దగ్గర వలలు కట్టుకుని బతికేవాళ్ళు ఉంటారు. పోటుతో పాటు చేపలూ రొయ్యలూ వస్తాయి. తలుపుని నేల దాకా దించితే వాళ్ళ వలలో ఏమీ పడదు. అందుకని తలుపులు చూసే లస్కర్లు దించేటప్పుడు అడుగున ఒక బెత్తెడు ఎత్తి ఉంచుతారు. ఎప్పట్నుంచో అంతే. దాన్ని తెరిచి ఉంచడం అని ఎవరూ అనరు. తలుపు మూశావా అంటే మూశానంటారు, అది నిజమే. ఆ బెత్తెడు సందు లెక్కలోది కాదు, మర్యాదలోది. ఉప్పునీరు బరువు కాబట్టి అడుగునే పాకుతుంది. ఆ సందులోంచి చడీచప్పుడు లేకుండా పైకి వస్తోంది.

మేడం నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. "నాకూ తెలుసు" అంది. "చిన్నప్పుడు మా ఇంటికి రొయ్యలు ఆ తలుపు దగ్గర్నుంచే వచ్చేవి."

ముగ్గురికీ తెలుసు. కంప్యూటర్‌కి తప్ప. అంత బాగా తెలిసిన సంగతి ఎవరూ ఎవరికీ చెప్పరు గదా. ఇంతకాలం మా కొత్త గుండెకాయ నిజమే చెప్తోంది, తలుపు మూస్తే ఉప్పు రాదని. మేమే దానికి అబద్ధం చెప్పి, దాన్ని అబద్ధాలకోరు అన్నాం. పాతదానికి ఆ సందు గురించి చెప్పినా లాభం లేకపోయేది. ఒకే సందులోంచి కాసేపు లోపలికీ కాసేపు బయటికీ పోయే నీళ్ళని అది మోయలేదు. తల తోక లేని ముగ్గుకి మాత్రం అదొక చిన్న గీత, అంతే.

గీత గీశాం. ఉప్పు తన చోటికి తాను వచ్చి కూర్చుంది. దొంగ గుణకం అవసరమే రాలేదు.

పెద్దాయనకి సంతోషమే కానీ ఆయన అంత తేలిగ్గా లొంగే రకం కాదు. "కొలతలు చూసుకుని లెక్క సరిపెట్టడం ఎవరైనా చేస్తారు. ముందు చెప్పండి, తర్వాత కొలవండి" అని రాశాడు. ఒక రోజు పోటూ పాటూ ఎలా ఉంటాయో ముందురోజే అందరూ చూసేచోట పెట్టాలి. ఆ తర్వాత కొలత తెచ్చి పక్కన పెట్టాలి. కలిస్తే కొత్త గుండెకాయ అందరిదీ అవుతుంది. కలవకపోతే ఆటుపోట్ల లెక్క తీసేస్తారు.

అప్పటికి ఆరుద్ర కార్తె వచ్చింది. ఆ ఏడు సాగు కాలవ నీళ్ళు మరీ ఆలస్యం, వానలూ సరిగా లేవు. మురుగు కాలవలో పైనుంచి తోసే నీళ్ళు బాగా తక్కువ. పరీక్ష రోజుకి ప్రోగ్రాం చెప్పింది చూసి మేడం కనుబొమలు ముడిపడ్డాయి. పొద్దున తలుపులు ఎత్తగానే తియ్యనీళ్ళు. కాసేపటికి ఉప్పు. ఆ తర్వాత మళ్ళీ తియ్యనీళ్ళు.

"మధ్యలో ఈ ఉప్పు ఎక్కడిదండీ?" అన్నాను.

"బెత్తెడు సందులోంచి వచ్చిన ఉప్పు పైన పక్క కాలవలోకి పోయి పడుకుంది. తోసే నీళ్ళు లేవు కదా. తలుపులు ఎత్తాక అది మెల్లగా బయల్దేరి పంపుల ముందు నుంచి సముద్రానికి పోతుంది." తెర మీద గీతని వేలితో చూపిస్తూ అంది, "లెక్క అలా చెప్తోంది."

"రైతులకి ఏమని పంపుదాం? పాత ప్రోగ్రాం అయితే తలుపు ఎత్తగానే తోడుకోమంటుంది."

"కొత్తదే పంపండి. తప్పయితే ఆ ఊళ్ళో మనల్ని మళ్ళీ ఎవరూ నమ్మరు. తెలిసి పంపండి."

తెలిసే పంపాను. మొదటి తియ్యనీళ్ళు నమ్మొద్దు, ఉప్పు పోయేదాకా ఆగండి అని.

మర్నాడు బావా నేనూ మురుగు కాలవ గట్టు మీద ఉన్నాం. రైతులంతా ఇంజన్ల దగ్గర నిలబడి ఉన్నారు. అక్కడ అందరూ పిన్ని అని పిలిచే ఒకావిడ ఉంది. డెబ్బై దాటిన మనిషి, ఒక్కతే వ్యవసాయం చేసుకుంటుంది. మొదట్నుంచీ మా మెసేజీలు తు.చ. తప్పకుండా పాటించేది ఆవిడే. లస్కరు తలుపులు ఎత్తాడు. నీటి మీద గడ్డిపోచ సముద్రం వైపు కదిలింది. అక్కడివాళ్ళకి అదే గుర్తు. ఒక్కొక్కరూ దిగి దోసిట్లో నీళ్ళు తీసుకుని నాలిక మీద వేసుకున్నారు. తియ్యగా ఉన్నాయి. ఒక ఇంజను మొదలైంది. తర్వాత రెండోది.

పిన్ని కూడా రుచి చూసింది. నావైపు తిరిగింది. "ఏంటబ్బాయ్, కొబ్బరి నీళ్ళలా ఉంటే ఆగమంటావు? మీ కంప్యూటర్‌కి జలుబు చేసిందా, రుచి తెలీట్లేదా?"

"కాసేపు ఆగు పిన్నీ."

"నా మడి నెర్రెలిచ్చింది. అందరూ తోడుకుంటుంటే నేను గట్టు మీద కూచుని నీ మొహం చూడాలా?"

పక్క ఇంజను దగ్గరాయన, "చూడు పిన్నీ, చూడు! బాపట్ల నుంచి వచ్చాడు గదా, మొహం కూడా నారు పెంచుద్దేమో" అని అరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం గుండె పాత ప్రోగ్రాంలా ఇటూ అటూ తిరుగుతోంది. ఆవిడ మడి ఆ పూట తడవకపోతే పోతుంది. ఉప్పునీళ్ళతో తడిసినా పోతుంది. మధ్యలో నా మాట ఒక్కటే ఉంది.

"పిన్నీ, నేను చెప్పింది తప్పయితే మళ్ళీ ఈ గట్టు ఎక్కను" అన్నాను.

ఆవిడ ఇంజను మీద వేసిన చెయ్యి తీసి, గట్టు మీద కూలబడి కొంగుతో విసురుకుంది. "ఎక్కకపోతే ఎక్కకపోయావులే. ఎండలో కూచోబెట్టావు, ఆ గొడుగు ఇలా పట్టు."

గొడుగు పట్టాను. బావ మీటరు నీళ్ళలో వేసి వంగి కూర్చున్నాడు. ఏమీ లేదు. ఇంకాసేపు. ఏమీ లేదు. పక్క ఇంజనాయన ఈల వేయడం మొదలుపెట్టాడు.

"బావా" అన్నాడు బావ, తల ఎత్తకుండా. "కదిలింది."

"ఎంత?"

"పైకి పోతోంది. ఇంకా పోతోంది." లేచి నిలబడి చేతులు ఊపుతూ అరిచాడు. "ఇంజన్లు ఆపండ్రా! ఉప్పొచ్చింది! ఆపండి!"

మొదట ఎవరూ నమ్మలేదు. ఈల వేస్తున్నాయనే వంగి దోసిలి పట్టాడు. నోట్లో వేసుకుని తుపుక్కున ఉమ్మేసి ఇంజను మీదికి ఉరికాడు. ఒకటి తర్వాత ఒకటి ఇంజన్లన్నీ ఆగిపోయాయి. వాళ్ళ మళ్ళకి పెద్ద ముప్పు రాలేదు, సమయానికే ఆపేశారు. ఎండ ఎక్కేసరికి బావ మీటరు మెల్లగా కిందికి దిగింది. లెక్క ఎప్పుడని చెప్పిందో దాదాపు అప్పుడే. పిన్ని తనే దిగి రుచి చూసింది. వెళ్ళి ఇంజను తిప్పింది. పొగ గుప్పున వచ్చి నా తెల్లచొక్కా మీద పడింది. ఆ చొక్కా ఇప్పటికీ ఉతకనివ్వలేదని చెప్పాలని ఉంది, కానీ మా ఆవిడ అప్పుడే ఉతికేసింది.

బావ కొలతలు మేడం ఆ సాయంత్రమే లెక్క పక్కన పెట్టింది. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. ఉప్పు వచ్చిన చోట చిన్న తేడా ఉంది. దాన్ని కూడా దాచకుండా రాసింది. పెద్దాయన జవాబు చిన్నదే. పాత గుండెకాయని తీసేశాననీ, దానితో పాటు అందరూ వేసిన అతుకులన్నీ పోయాయనీ, వాటిని చెరుపుతుంటే తనకి ఎంత హాయిగా ఉందో చెప్పలేననీ రాశాడు. ఆ తర్వాత ఎక్కడెక్కడి నదీ ముఖాల వాళ్ళో మా ముగ్గుని వాడుకోవడం మొదలుపెట్టారు. కొండ నదుల వాళ్ళ లెక్క కూడా తేలికైందట. కట్టినవాళ్ళ పేర్లు ఉండేచోట మేడం పేరు, నా పేరు, మేడం పట్టుబట్టి పెట్టించిన బావ పేరు ఉన్నాయి. పేర్ల పక్కన ఎవరు ఎంతదాకా చదివారో రాయరు. మంచి అలవాటు.

నాకు దక్కిన బిరుదు మాత్రం అక్కడ లేదు. అది ఇంకో వారానికి వచ్చింది. పిన్ని ఫోన్ చేసింది.

"అబ్బాయ్, ఎల్లుండి మా మనవరాలి ఓణీల ఫంక్షన్. పొద్దున పొలంలో ఎవరం ఉండం. తియ్యనీళ్ళు సాయంత్రానికి మార్చమని మీ మేడంకి చెప్పు."

"మేడం చేతిలో ఏముంది పిన్నీ? సముద్రం చేతిలో ఉంది."

"ఆ మాత్రం నాకు తెలీదా? సముద్రం నా మాట వినదు. మీరు చెప్తే మొన్న విందిగా."

మేడంకి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. నవ్వుతుందనుకుంటే ఈసారీ నవ్వలేదు. ఎల్లుండి లెక్క తెర మీదికి తెచ్చి పైనుంచి కిందిదాకా చూసింది. "పొద్దున ఒకసారి, సాయంత్రం ఇంకోసారి ఉన్నాయండీ తియ్యనీళ్ళు. రెండోది ఇంకా బాగుంది. పిల్లకి అక్షింతలు వేసి నింపాదిగా వెళ్ళి తోడుకోమనండి" అంది.

ఫోన్ చేసి అదే చెప్పాను.

"చూశావా, మారుస్తారని నాకు తెలుసు" అని పెట్టేసింది.